మొగలో తీపెక్కిన నీళ్లు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఊరి మురుగును శుభ్రం చేసే ప్లాంటులో నాది ల్యాబు ఉద్యోగం. సీసాలో నీళ్లు పట్టడం, పరీక్షించడం, ఏట్లోకి వదలొచ్చని సంతకం పెట్టడం. మా తాత తమిళనాట మా ఊరు అవినాశిలో మురుగుకాలవలు ఎత్తిపోసిన మనిషి. మనవరాలు అదే నీళ్లను గాజుసీసాలో పట్టుకుంటోందని మా వీధంతా మురిసిపోయింది. ఆ మురిపెం పక్కన పెడితే, ఇక్కడ నాకు మాట్లాడే దిక్కు లేదు.

తమిళం రాక కాదు. చదివింది తమిళంలోనే, పోట్లాడేదీ తమిళంలోనే. కానీ అలసిపోయి గదికొచ్చాక నోరు తెలుగు కోసం వెతుక్కుంటుంది. ఆ తెలుగును గడప దాటించకూడదని మా ఇళ్లలో కట్టుబాటు. బయట నాలుగు ముక్కలు పలికితే చాలు, మేం ఏ వీధివాళ్లమో, మా పెద్దలు ఏం ఊడ్చారో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. కుర్చీ జరుపుకుంటారు. అందుకే బస్సులో అమ్మ ఫోన్ చేసినా తమిళంలోనే జవాబిస్తాను.

ప్లాంటు నీళ్లు ఏట్లో పడేచోట ఒకామె నడుంలోతు నీళ్లలో కాళ్లతో తడిమి గుల్లలు ఏరేది. నడివయసు, మెడలో సిలువ. నేను సీసా నింపుకునేటప్పుడు పలకరించుకునేవాళ్లం, తమిళంలోనే. ఎండ గురించి, గట్టు మీది కుక్కల గురించి. ఏడాది పైగా అలాగే గడిచింది. ఒకరోజు ఆమె అరికాల్లో చిప్ప దిగింది.

"అమ్మో, సచ్చినా దేవుడా!" అని అరిచింది.

నా చేతిలోంచి సీసా జారిపోయింది. "మీరు మనోళ్లా?" అన్నాను తెలుగులో.

ఆమె కాలి సంగతి మరిచిపోయి నా ముఖంలోకి చూసింది. "అడి పావీ, పాపిష్టిదానా! నువ్వూనా? ఇన్ని దినాలు ఏల చెప్పలా పాపా?"

"మీరేల చెప్పలా అక్కా?"

ఇద్దరం నవ్వాం. నవ్వీ నవ్వీ ఆమె ఏడ్చింది. మేలూరు దగ్గర క్వారీ పనివాళ్ల ఇంట్లో పుట్టిందట. ఉప్పు మడుల్లో పనికొచ్చిన మొగుడితో ఇక్కడ చేరిందట. అతను పోయాక తెలుగు చెవిన పడటమే మానేసిందట. పక్కపక్కనే దాక్కున్న దొంగల్లా ఏడాది గడిపాం.

ఆ తర్వాత సీసా నింపే పనికి రోజూ గంట పట్టేది. ఆమె నా జడను వెక్కిరించేది. గుల్లలు ఉడకబెట్టి మిరియాలు వేసి తెచ్చేది. "తిను, ఎముకల గూడు మాదిరి ఉండావు" అని కసిరేది. నాకు మళ్లీ ఆకలి వేయడం మొదలైంది.

ఇక మా ప్లాంటు సంగతి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అయినా చెబుతాను. మేం వదిలే నీళ్లు శుభ్రమైనవే. మునుపు మురుగు నేరుగా ఏట్లో పడి ముక్కు పగిలేది, ఇప్పుడు ఆ కంపు లేదు. అయితే మా నీళ్లలో ఉప్పూ లేదు. ఎండాకాలం ఏరు సన్నబడితే మొగలోకి సముద్రం ఎక్కి వచ్చేది. ఆ ఉప్పుకే గుల్లలు బతికేవి. కొత్త వీధుల మురుగు కూడా ప్లాంటుకు కలిపాక ఏడాది పొడుగునా తీపి నీళ్లే పారాయి. మొగలో ఉప్పు తగ్గడం నా మీటరులో నేనే చూశాను. పై అధికారికి చెప్పాను. "నీళ్లు శుభ్రంగా ఉన్నాయా లేవా?" అన్నాడు. ఉన్నాయి. సంతకం పెట్టాను. గట్టు పొడుగునా తీపి నీళ్లకే పెరిగే జమ్ము మొలిచింది. ఆమె బుట్టలోకి ఖాళీ చిప్పలే వచ్చేవి.

మా నీళ్ల వల్లేనని ఆమెకూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మునుపు కంపు ఉండె, గుల్లలూ ఉండె. ఇప్పుడు రెండూ లేదు" అంది. "నువ్వేం చేస్తావు పాపా? నీ పని అది."

అవినాశిలో బనియన్లకు దారాలు కత్తిరించే పని దొరుకుతుందని నేనే చెప్పాను. అమ్మ నంబరూ నేనే ఇచ్చాను. ఆమె తిండి ముఖ్యం కదా, నా కబుర్లు కాదు. వద్దు, ఉండిపోండి అనే మాట మాత్రం నోటి దాకా వచ్చింది, అనలేదు. ఆమె వెళ్లిపోయింది. మా వీధిలోనే, మా ఇంటి పక్కనే గది దొరికింది.

ఇప్పుడు నేను ఫోన్ చేస్తే వెనకాల ఆమె నవ్వు వినిపిస్తుంది.

"మీ అక్క ఈడనే ఉండాది, మాట్లాడుకుంటా ఉండాము. ఇంకో తూరి చేస్తా కన్నూ" అని అమ్మ ఫోన్ పెట్టేస్తుంది.