కబ్ద్ తోటలో సున్నం వేసిన గది

నా మొగుణ్ణి నేను ఏడేళ్లు అన్నా అని పిలిచాను. ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు, కొందరు చెంపలేసుకుంటారు. నవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు. చెంపలేసుకునేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. అది పాపమని వీళ్లు చెప్తే గాని నాకు తెలియనట్టు!

మాది రాయచోటి దగ్గర పల్లె. ఆయన వాళ్లది ఈతచెట్లు గీసి కల్లు తీసే ఇల్లు. నడుముకు మోకు కట్టుకుని చెట్టెక్కడం ఆయనకు చిన్నప్పుడే వచ్చేసింది. ఎనభైల మొదట్లో, మా పెళ్లయిన మూడో ఏడు, ఆ విద్యే ఆయన్ని కువైట్ చేర్చింది. అక్కడ కబ్ద్ ఎడారిలో ఒక కువైటీ పెద్దాయనకు ఖర్జూరపు తోట ఉండేది. చెట్టెక్కే మనిషి కావాలన్నారు, ఈయన వెళ్లాడు. ఆ పెద్దాయన్ని ఇంటా బయటా అందరూ బాబా అనేవాళ్లు.

ఏడాది తిరక్కుండానే బాబా కూతురింట్లో పనిమనిషి మానేసింది. ఎవరైనా ఉన్నారా అని బాబా అడిగితే, మా ఆయన ఉన్నపళంగా "నాకో చెల్లెలుంది" అన్నాడట. పెళ్లామంటే రానివ్వరని, కడుపొస్తే మర్నాడే విమానం ఎక్కిస్తారని తోటి పనివాళ్లు చెప్పారట. చెల్లెలైతే ఏ తంటా లేదు. ఉత్తరంలో ఈ సంగతి ఎవరి చేతో రాయించి పంపాడు. ఆయనకు చదువు రాదు. పదో తరగతి తప్పిన నేను ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి, మా అమ్మకు మాత్రం సగమే చదివి వినిపించాను.

పాస్‌పోర్టు పెళ్లికానిదాన్నని, మా నాన్న పేరుతో తీయించారు. మెట్టెలు తీసి అమ్మ చేతిలో పెట్టాను. పుస్తెలు పసుపుతాడుకు మార్చి రవికె లోపల దాచుకున్నాను. విమానాశ్రయంలో బాబా కూతురు పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. ఏడాది తర్వాత చూడడం. దగ్గరికి రాగానే పెదవి కదపకుండా "అన్నా అనవే" అన్నాడు. అన్నాను. ఆ రోజు అన్నం తినే ముందు మూడుసార్లు నోరు పుక్కిలించుకున్నాను.

బాబా కూతుర్ని నేను మామా అనేదాన్ని, అక్కడ పనిచేసే ఆడవాళ్లందరూ అమ్మగారిని అలాగే అంటారు. మామా మంచిదే. కసురుకున్నా కడుపునిండా పెట్టేది. నేను పట్నంలో ఇంటి పనిలో, ఆయన ఎడారిలో చెట్ల మీద. చలికాలం శుక్రవారాలు మామా కుటుంబమంతా తోటకు వెళ్లేవాళ్లు. నేనూ వంటసామానుతో పాటు వెళ్లేదాన్ని. అందరూ నమాజులో ఉన్నప్పుడు నీళ్ల ట్యాంకు వెనక మాకు ఐదు నిమిషాలు దొరికేవి. ముట్టుకోవడానికి కూడా భయమే. ఆయన చేతుల నిండా ఖర్జూరపు ముళ్ల గాట్లు ఉండేవి. నా కళ్లు వాటి మీదే ఉండేవి.

సెలవులు కూడా ఇద్దరికీ కలిపి రాలేదు. ఆయన ఊరికెళ్లిన రెండు నెలలూ నేను కువైట్‌లో ఉన్నాను. నేను వెళ్లినప్పుడు ఆయన తోటలో ఉన్నాడు. అన్నాచెల్లెళ్లు కలిసి వెళ్లాలని ఎవరు మాత్రం అనుకుంటారు? నాకు ఇరవై ఎనిమిది నిండుతున్నాయి. ఊళ్లో నా ఈడువాళ్ల పిల్లలు బడికి పోతున్నారు. మా అత్త ప్రతి ఉత్తరంలోనూ అదే ముక్క రాయించేది. అందుకని నేను వెళ్లిన మూడో ఏడు ట్యాంకు వెనక ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. కోత అయిపోయాక, బాబా సంతోషంగా ఉన్న రోజు చూసి నిజం చెప్పెయ్యాలి. తోటలో ఒక మూల చోటిస్తే అక్కడే కాపురం పెడతాం. నేను అక్కడి నుంచే మామా ఇంటికి పనికి వెళ్లి వస్తాను. పంపించేస్తానంటే ఇద్దరం కలిసి పోతాం.

బాబా సంతోషంగా ఉండే రోజు ఏదో మా ఇద్దరికీ తెలుసు. ప్రతి ఏడూ కోత తర్వాత ఒక శుక్రవారం ఆయన చుట్టాలనూ స్నేహితులనూ తోటకు పిలిచేవాడు. చెట్లు చూపించి, పాకం దిగే గది చూపించి, ఆ ఏటి పాకం రుచి చూపించి పంపేవాడు. దిబ్స్ అంటారు వాళ్లు, ఖర్జూరప్పాకం. వేరే రోజుల్లో ఎవరితోనూ పది మాటలు మాట్లాడని మనిషి ఆ రోజు పెళ్లిపెద్దలా తిరిగేవాడు.

ఆ ఏడు వచ్చినవాళ్లలో పట్నం పక్క హవల్లీ పేటలో బడిపాఠాలు చెప్పే లెబనాన్ ఆవిడ ఒకామె ఉంది. మామాకు స్నేహితురాలు. చెట్ల మధ్య నడుస్తూ ఆవిడ, తమ కొండ ఊళ్లో మేనమామ వాళ్లకు ద్రాక్షతోట ఉందనీ, వచ్చినవాళ్లను ఇలాగే తోటంతా తిప్పి చివరికి గ్లాసుల్లో ద్రాక్షసారా పోసి రుచి చూడమంటారనీ చెప్పింది.

"ఇక్కడా అదే మర్యాద. మత్తొక్కటే తక్కువ" అంది.

"మత్తెందుకు? మనిషిని పడగొట్టడానికి తీపి చాలదా?" అన్నాడు బాబా.

అందరూ నవ్వారు. అప్పటికి వంటింటి అరబ్బీ నాకు బాగానే వచ్చు కాబట్టి నేనూ నవ్వాను.

పాకం గదికి కిటికీలు లేవు. లోపల అడుగు పెడితే చెమట కారిపోతుంది. బాగా పండిన ఖర్జూరాలను ఆకుల బుట్టల్లో కుక్కి, ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేరుస్తారు. నేల మీద వరుసగా చిన్న చిన్న కాలువలు. పై బుట్టల బరువు కింది బుట్టల మీద పడి, గది వేడికి పాకం తనంతట తనే కారి, కాలువల వెంట పోయి, మూలన పాతిన జాడీలో పడుతుంది. పొయ్యి లేదు, గానుగ లేదు.

"మా నాన్న ఇలాగే తీసేవాడు. చెయ్యి పెట్టకుండా, తొందర పెట్టకుండా" అన్నాడు బాబా, గోడ నిమురుతూ.

చెయ్యి పెట్టకుండానట! ఆ బుట్టలన్నీ భుజం మీద మోసి పేర్చిన మనిషి తలుపు దగ్గర ఉత్త కాళ్లతో నిలబడి ఉన్నాడు. పాకం తగిలిన చోటల్లా చీమలు కుట్టి ఆయన కాళ్లు దద్దుర్లు లేచి ఉన్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.

గదిలోంచి బయటికొచ్చి నీళ్ల ట్యాంకు వైపు నడుస్తుంటే అక్కడ ఒక కొత్త గది కనిపించింది. పోయినసారి వచ్చినప్పుడు లేదు. సున్నం ఇంకా వాసన కొడుతోంది. తలుపు తీసే ఉంది. లోపల రెండు మంచాలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, గోడకు చిన్న అద్దం.

"ఇది ఎవరికి?" అని అడిగింది మామా.

"అడిగినవాళ్లకు" అన్నాడు బాబా.

దేవుడే కట్టించాడనుకున్నాను. అద్దం పక్కన మేకు ఎక్కడ కొట్టాలో, స్టవ్వు తలుపు వైపు పెట్టాలా కిటికీ వైపు పెట్టాలా, అన్నీ ఆ నిమిషంలోనే అనుకున్నాను. ఆయన వైపు చూస్తే ఆయన నేల చూస్తున్నాడు.

చాప పరిచి అందరినీ కూర్చోబెట్టారు. మూడు గిన్నెల్లో పాకం. మొదట కారింది పల్చగా తేనెరంగులో, మధ్యలోది ఎర్రగా, చివరిది నల్లగా చిక్కగా. నేను రొట్టెల పళ్లెం పట్టుకుని తిరుగుతున్నాను. అతిథులకు ఇచ్చే ముందు మా ఆయన ఒక్కో గిన్నెలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. కల్లు పులిసిందో లేదో వాళ్ల నాన్న అలాగే చూసేవాడు.

"రెండోది" అన్నాడు.

బాబా రొట్టె ముక్క రెండో గిన్నెలో ముంచి తిన్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"చూశారా! ఇతని నాలుక నా నాలుక కన్నా పెద్దది" అని మా ఆయన వైపు తిరిగాడు. "ఇన్నేళ్లలో ఒక్క బుట్ట చెడనివ్వలేదు నువ్వు. ఇంతమంది ముందు చెబుతున్నాను. నీకేం కావాలో అడుగు. కాదనను."

అని నా వైపు ఒకసారి చూశాడు. రొట్టెలు అయిపోయాయని చూశాడనుకున్నాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ సిద్ధమే, పూజారీ సిద్ధమే. నోరు తెరవాల్సిన భక్తుడు మాత్రం కుక్కిన పేనులా నిలబడ్డాడు. నేను కళ్లతోనే అడుగు, అడుగు అన్నాను. ఆయన నోరు తెరిచాడు.

"బాబా... ఒక టూ ఇన్ వన్" అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. లెబనాన్ ఆవిడ చప్పట్లు కొట్టింది. రేడియో, క్యాసెట్టు రెండూ పాడే పెట్టె. గల్ఫ్ వచ్చిన ప్రతివాడికీ దాని మీదే కన్ను. బాబా ఒక్కడే నవ్వలేదు.

"అంతేనా?"

"అంతే బాబా."

"ఖలాస్" అన్నాడు బాబా, చెయ్యి తుడుచుకుంటూ.

నేను మిగిలిన రొట్టెలు పంచాను. ఎవరో నాకూ ఒక ముక్క పాకంలో ముంచి ఇచ్చారు. పక్కకు పోయి ఇసుకలో ఉమ్మేశాను.

ఆ మధ్యాహ్నం ట్యాంకు వెనక ఆయన్ని పట్టుకున్నాను.

"ఏమయ్యా, నోరు పడిపోయిందా నీకు?"

"అంతమంది చూస్తాండారు గదే. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినామని తెలిస్తే ఇద్దర్నీ ఇంటికి తోలేస్తారు."

"తోలితే తోలనీ! ఇద్దరమూ కలిసే పోతాము గదా!"

"వచ్చే ఏడు చెప్తాలే. ఒట్టు."

"ఆ పెట్టె యాలయ్యా నీకు?"

"ఏదో ఒకటి అడగాల గదా. నోటికి అదే వచ్చె."

ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. కానీ ఇది రాసేటప్పుడు నేను అబద్ధం ఆడకూడదు. నాకూ నోరుంది. పళ్లెం పట్టుకుని అక్కడే ఉన్నాను. "బాబా, నేను ఇతని భార్యని" అనడానికి సరిపడా అరబ్బీ నాకు వచ్చు. ఆయన చెబుతాడని నేను, ఎలాగోలా గడిచిపోతుందని ఆయన. ఇద్దరిలో ఎవరు పిరికో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వారం తిరక్కుండా టూ ఇన్ వన్ వచ్చింది. పెద్దది, రెండు స్పీకర్లది. మరుసటి ఏడు ఆ సున్నం వేసిన గదిలో ఈజిప్టు తోటమాలి, అతని పెళ్లాం కాపురం పెట్టారు. ఆ పైఏడు వాళ్ల తలుపు ముందు తీగ మీద బొంతలు, చంటిపిల్ల గౌన్లు ఆరేసి ఉండేవి. రుచి చూసే శుక్రవారం అతిథులు ఆ పాపను ఎత్తుకుని ముద్దాడేవాళ్లు. బాబా మళ్లీ మా ఆయన్ని ఏం కావాలని అడగలేదు. ఈయన ఒట్లు మాత్రం ఏటేటా కొత్తవి వేశాడు.

నేను వెళ్లిన ఏడో ఏడు బాబా చనిపోయాడు. కొడుకులు తోట అమ్మకానికి పెట్టారు. మా ఇద్దరికీ ఒకే విమానానికి టిక్కెట్లు తీశారు. చివరికి కలిసి వెళ్తున్నాం! పెట్టె సర్దుకుంటుంటే మామా వచ్చి ఒక సీసాడు పాకం నా చేతిలో పెట్టి మంచం మీద కూర్చుంది.

"నీ భర్తను జాగ్రత్తగా చూసుకో" అంది.

సీసాను పెట్టెలో పెట్టబోయి ఆమె వైపు తిరిగాను.

"మీ కాగితాలు వచ్చిన రోజే బాబాకు తెలుసు. నీ తండ్రి పేరు ఒకటి, అతని తండ్రి పేరు ఒకటి. మా దగ్గర ఒంటెను అడిగినా తండ్రి ఎవరో చెబుతుంది. మీరు మమ్మల్ని ఏమనుకున్నారు?"

"మరి ఎందుకు చెప్పలేదు మామా?"

"మగవాడు దాచుకున్న మాటను నేనెందుకు బయటపెట్టాలన్నాడు బాబా. అతనే అడగాలన్నాడు. ఆ గది మీ కోసమే కట్టించాడు. రెండు మంచాలూ నేనే కొన్నాను. అంతమందిలో అడగమన్నాడు. రేడియో అడిగాడు మీవాడు. ఆ రోజు ఇంటికొచ్చి బాబా అన్నం తినలేదు."

అన్నం తినలేదట. ఒక్క పూట. నేను ఏడ్చాను, మామా ఓదార్చింది. విమానంలో కూర్చున్నాకే కోపమొచ్చింది. తెలిసినవాడివి తెలుసని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది బాబా? గది కట్టి, సున్నం వేసి, మంచాలు వేసి, ఆపైన పరీక్ష పెట్టాలా? ఉన్నవాళ్లకు లేనివాళ్లను పరీక్షించడమంటే ఎందుకంత సరదా? పక్క సీట్లో ఆయన టూ ఇన్ వన్‌ను ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ఊరికొచ్చాక రెండుసార్లు నెల తప్పాను. రెండూ నిలవలేదు. కడప పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగింది. ఆ గదిలో ఉంటే పిల్లలు పుట్టేవాళ్లని ఎవరూ నాకు రాసివ్వలేదు, ఆ సంగతి తెలుసు. అయినా ఆ తీగ మీద ఆరేసిన గౌన్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

మామా చెప్పింది నేను ఆయనకు చెప్పలేదు. మొదట్లో, గుండె ఆగి చస్తాడని చెప్పలేదు. తర్వాత, ఎప్పుడైనా గట్టిగా తగాదా వస్తే విసరడానికి ఉంచుకున్నాను. చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్లమయ్యాం, ఇంట్లో మేమిద్దరమే. టూ ఇన్ వన్ పాడడం మానేసి చాలా కాలమైంది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, తిరిగి అదే చోట పెడతాడు.

మొన్న కూడా తుడుస్తూ అన్నాడు.

"బాబా శానా మంచోడే. అంతమందిలో మాట ఇచ్చినాడు, తప్పలేదు. అడిగింది ఇచ్చినాడు."

నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

"ఊ" అన్నాను. "అడిగిందే ఇచ్చినాడు."