కమలాక్షమ్మ నవ్వు

"మీ గుండె లయ తప్పింది. వయసు, బీపీ తోడైతే ఆడవాళ్ళకు పక్షవాతం భయం ఎక్కువ. మూతి వంకరపోతే ఇంట్లోవాళ్ళు వెంటనే తీసుకురావాలి" అని వేలూరు డాక్టరు చెబితే గుడియాత్తం కమలాక్షమ్మ బుద్ధిగా తలూపింది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పలేదు. రక్తం పలచబరిచే మాత్రలకు పడదని ఆకుకూర తగ్గించమన్నారు. అయినా రోజూ పొద్దున్నే తల దువ్వుకుని వాకిట్లో నిలబడి ఒక కట్ట కొంటుంది. పక్కింటి మేకకు వేస్తుంది. కొనేటప్పుడు కూరలమ్మే చిన్నమణి వైపు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది.

"నా మూతి నేరుగా ఉండాదా మే?"

"నేరుగానే ఉండాదక్కా."

ఈ పొద్దు చిన్నమణికి తొందర. తలెత్తకుండానే కట్ట చేతిలో పెట్టి బుట్ట ఎత్తుకుంది. కమలాక్షమ్మ గబగబా మెట్టు దిగి అడ్డం నిలబడింది.

"ఇంకో కట్ట ఇయ్యి మే" అని నవ్వింది.