తాడు కొస ఆగిన చోటు

మా వాతుసారిలో పాక్ కస్మాదీ కట్టించిన టవరు ఎంత ఎత్తంటే, దాని మీదికెక్కితే సెమరాంగ్ రేవులో ఓడ మీద నిలబడ్డ కెప్టెను మీసం ఏ రంగో చెప్పొచ్చు. నేను ఎక్కాను కనక చెబుతున్నాను. ఎర్రమీసం. అబద్ధానికో బెత్తం దెబ్బ లెక్కన సిస్టర్ అగాతా కాన్వెంటులో నాకెంతో చదువు చెప్పింది గానీ, ఆ ఒక్క పాఠం మాత్రం ఒంటబట్టలేదు. అయినా ఈ కథలో ఓడా మీసమూ తీసేస్తే మిగిలిందంతా జరిగిందే. జరగకపోయుంటే బాగుండునని కస్మాదీ చివరిదాకా అనుకున్నాడు.

కస్మాదీ భూగోళం మేష్టారు. ఊరంతా పాక్ గురు, అంటే మేష్టారుగారు, అనేది. అమెజాన్ ఇదిగో, నైలు అదిగో అని బెత్తంతో పటం మీద లోకమంతా తిప్పినవాడు, తను మాత్రం జావా దీవి గట్టు దాటలేదు. పింఛను పుచ్చుకున్నాక పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. పెరట్లో వెదురుగడ పాతి, దాని మీంచి మామిడిచెట్టుకి తీగ లాగి, అదే ఏంటెన్నా అన్నాడు. ఆ తీగతో సోలోవాళ్ళతోనూ మలాంగ్‌వాళ్ళతోనూ మిరపకాయల ధరలు మాట్లాడేవాడు.

ఒకరోజు తెల్లారగట్ల ఆ తీగలోకి ఒక సన్నటి గొంతు వచ్చింది. జావా భాషే, మా తాతల నాటి జావా. అవతలి మనిషి పేరు సోమీ. ఉండేది దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లో. డచ్చివాళ్ళ కాలంలో ఓడలెక్కి చెరుకు తోటల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయిన మనవాళ్ళ మనవడు. నాలుగు మాటలయ్యేసరికి గొంతు మునిగిపోయింది. కస్మాదీ నా ఇంటికి లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"యోహన్! గ్లోబులో ఇంచుమించు మన కాళ్ళ కింద ఉంటుందోయ్ ఆ ఊరు! అక్కడివాడు నన్ను 'తిన్నారా తాతా' అని అడిగాడు!"

అప్పట్నుంచీ ఆయనకి టవరు పిచ్చి పట్టింది.

కర్యో కాఫీకొట్టు బల్ల మీద ఏ టవరన్నది తేలేసరికి వాన కురిసి వెలిసింది. నాలుగు కాళ్ళ మీద తనంతట తాను నిలబడే రకం ఒకటుంది. దాని పునాదికి పెరడంతా తవ్వాలి. మూడు మూలల సన్నటి ఉక్కు టవరు ఒకటి. దాన్ని నాలుగు వైపుల్నించీ తీగలతో లాగి కట్టాలి. మూడోది ఇంటి కప్పు మీద నిలబెట్టే పొట్టి ఇనప గొట్టం.

"గొట్టమే మంచిది, పడితే మనింటి మీదే పడుతుంది," అంది ఆయన భార్య బూ లస్మీ. ఎవరూ తనని అడక్కపోయినా, బజారుకెళుతూ ఆగి చెప్పింది.

"గొట్టం మీద కాకి వాలుతుందే, సూరినామ్ వాలదు," అన్నాడు కస్మాదీ.

మూడు మూలల టవరే కట్టి, దాని నెత్తిన చేపముల్లులా ఉండే తిరుగుడు ఏంటెన్నా పెట్టాలని తేలింది. అయితే మా పేటలో ఒక పద్ధతుంది. పొడుగైనదేది నిలబెట్టినా, అది పడితే ఎంతవరకు వస్తుందో అంతలోపు ఇళ్ళవాళ్ళని అడగాలి. కస్మాదీ లెక్కల మనిషి. టవరంత పొడుగు తాడు తెచ్చాడు. ఒక కొస నడుముకి కట్టుకుని టవరు పాతే గుంట దగ్గర తను నిలబడ్డాడు. రెండో కొస పట్టుకుని నేను వృత్తంలో గడియారం ముల్లులా తిరిగాను. ఉత్తరాన అరటితోట. తూర్పున చెరువుగట్టు. పడమరన తాడు కంచె దాటింది, కోళ్ళగూడు దాటింది, ఎంబా సుమీ పెరటి తలుపులోంచి లోపలికెళ్ళి సరిగ్గా ఆవిడ పొయ్యి దగ్గర ఆగింది.

ఎంబా సుమీ, అంటే సుమీ అవ్వ, ఒంటరి ముసలమ్మ. టెంపే, అంటే పులియబెట్టిన సోయాగింజల దిమ్మ, వేయించి అమ్ముకుంటుంది. ఆవిడ కొడుకు గీమన్‌కి పన్నెండేళ్ళొచ్చినా అక్షరం ముక్క రాకపోతే కస్మాదీయే తన అరుగు మీద కూచోబెట్టి చదువు చెప్పాడు. వాడిప్పుడు సలతిగలో గుమాస్తా. అందుకని వేయించిన మొదటి వాయి ఎప్పుడూ పాక్ గురు ఇంటికే వెళుతుంది.

తాడు కొస పట్టుకుని వంటింట్లో నిలబడ్డ నన్ను చూసి ఆవిడ నవ్వింది. "ఏం నాయనా, నన్ను కట్టేసి తీసుకుపోతావా?"

ఇంతలో కస్మాదీ వచ్చాడు. విషయమంతా చెప్పాడు. "ఇది పడదు ఎంబా. పద్ధతి గనక అడుగుతున్నా."

"పడనిదానికి నన్నడగడమెందుకు పాక్ గురూ? కట్టుకోండి. దానికేం! నా పొయ్యి దాకా సూరినామ్ వస్తానంటే నేను వద్దంటానా?" అంది ఆవిడ. అంటూనే నేల మీద తాడు కొస ఆగినచోట కాలి బొటనవేలితో ఓసారి నొక్కింది. మళ్ళీ టెంపే తిరగేసింది.

ఆ బొటనవేలు నేను చూశాను. కస్మాదీ కూడా చూశాడట. చూసి, ముసలామె చాదస్తం అనుకున్నాడట.

మా వైపు పెద్దవాళ్ళ మొహం మీద 'వద్దు' అనడమంటే వాళ్ళ అన్నంలో ఉమ్మేసినట్టు. ఆ సంగతి పుట్టుకతోనే మా అందరికీ తెలుసు. తెలిసీ అడుగుతాం. అడిగి, ఒప్పుకున్నారని చెప్పుకుంటాం.

ఊరంతా తలో చెయ్యేసి టవరు నిలబెట్టాం. బూ లస్మీ పసుపన్నం గోపురంలా పోసి అందరికీ పెట్టింది. తీగల్లో ఒకదాని మేకు ఎంబా సుమీ పెరట్లోనే దిగింది. మర్నాడు తెల్లవారుజామున సోమీ గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు వచ్చింది.

"మీ ఊళ్ళో టెంపే దొరుకుతుందా?" అని అడిగాడు కస్మాదీ. లోకమంతా పటంలో చూసినవాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

"దొరుకుతుంది తాతా. మా అవ్వ వేయించేది. మీ దగ్గరా అరటాకులోనే చుడతారా?"

కస్మాదీ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆ వారమంతా ఆయన నేల మీద నడవలేదు. నేల మీద నడవలేదన్నది నా కోతే, కానీ చెప్పులు మాత్రం అరగలేదు.

ఎండాకాలం వచ్చింది. మెర్బాబు కొండ మీంచి తూర్పుగాలి దిగింది. టవరు తీగలు గాలికి ఊళలు పెట్టేవి. ఆ చప్పుడుకి మా కోడి రెండు సొనల గుడ్లు పెట్టింది. ఆ రోజుల్లోనే ఎంబా సుమీ వెనకవైపు వంటిల్లు వదిలేసి పొయ్యి ముందు వరండాలోకి మార్చింది. వీధిలో పోయే ప్రతివాడి ముక్కుకీ టెంపే వాసన.

"ఇన్నేళ్ళూ లోపల వండిన మనిషి ఇప్పుడు వీధిలో వండుతోందంటే ఎవరి ముక్కు కోసమో!" అన్నాడు కర్యో కాఫీ వడపోస్తూ.

"నీ ముక్కే పెద్దది, నీ కోసమే," అన్నాడు మరొకడు.

అందరికంటే గట్టిగా నవ్వింది కస్మాదీ. "ఉండండి, టవరెక్కి చూసి పెళ్ళికొడుకెవరో నేను చెప్తా!" అన్నాడు. కొట్టు కొట్టంతా బల్ల మీద పడి దొర్లింది. ఆ మాట పొద్దు గూకేలోపు ఎంబా సుమీ దాకా వెళ్ళే ఉంటుంది. మా ఊళ్ళో మాటకి ఏంటెన్నా అక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం గాలి మరీ విసురుగా ఉంది. ఆవిడ పెరట్లోని తీగ వదులైనట్టనిపించి బిగిద్దామని కస్మాదీ, నేనూ వెళ్ళాం. పెరటి తలుపు తీసే ఉంది. "ఎంబా!" అని పిలిస్తే వరండాలోంచి "రండి రండి" అంది. ఇంట్లోంచి అటు వెళదామని లోపలికి అడుగుపెట్టాం.

వంటిల్లు ఖాళీ. అలికి, ఊడ్చి, ఏమీ లేకుండా ఉంది. పక్కన నడిమి గది. అందులో మంచం మూలకి ఏటవాలుగా జరిపి ఉంది. దాని పక్కనే బియ్యం డబ్బా, నీళ్ళకుండ, భర్త ఫోటో, పొదిగే కోడిబుట్ట, అన్నీ వీధివైపుకి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉన్నాయి. సగం ఇల్లు సంత, సగం ఇల్లు మైదానం. నాకేమీ అర్థం కాలేదు. ముసలితనంలో సర్దుడు పిచ్చి అనుకున్నాను.

కస్మాదీ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కకి దారం కట్టి వృత్తాలు గీసినవాడు. ఆ సామాను అంచు తిన్నగా లేదు. వంపు తిరిగి ఉంది. ఆ వంపుకి నడిబొడ్డు ఎక్కడుందో ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే తెలిసింది. బొటనవేలు నొక్కిన చోటు మీంచి తాడు గీసే గీతకి జానెడు అవతల, వీధివైపు, కుండ ఉంది.

బయట గాలి విసిరింది. తీగ ఊళ పెట్టింది. వరండాలోంచి వస్తున్న ఎంబా సుమీ అడుగు ఒక్క క్షణం ఆగింది. భుజాలు ముడుచుకున్నాయి. మమ్మల్ని చూసి గబుక్కున సర్దుకుని నవ్వింది.

"సూరినామ్‌వాళ్ళు పాడుతున్నారు పాక్ గురూ, విన్నారా?" అంది. మేం చూస్తున్నది చూసి, "వీధివైపు వెలుతురు బాగుంటుందని ఇటు సర్దుకున్నా. కళ్ళు ఆనడం లేదు కదా. టెంపే తినండి, వేడిగా ఉంది."

కస్మాదీ చెయ్యి చాచి టెంపే తీసుకున్నాడు. తినలేదు, కింద పెట్టలేదు. మేకు దగ్గరికి వెళ్ళాక చూస్తే అది ఆయన గుప్పిట్లో పిండైపోయింది. చెవులు మిరపపళ్ళలా ఉన్నాయి.

"పెళ్ళికొడుకెవరో చెప్తానన్నాను," అన్నాడు.

టవరు పడితే అందనంత దూరంగా ఆవిడ సామాను జరుపుకుందని దారిలో ఆయన చెప్పాక నేనే అన్నాను, "భయంగా ఉందా ఎంబా అని అడిగేస్తే పోలా?"

"అడిగితే ఏమంటుంది యోహన్? 'అయ్యో, భయమేంటి' అంటుంది. ఇంకో రెండు ముక్కలు టెంపే పెడుతుంది. ఆవిడ కొడుక్కి అక్షరాలు నేర్పినవాణ్ణి, తాడు పట్టుకుని వంటింట్లో నిలబడితే ఆవిడ కాదంటుందా? నేను అడగడానికి వెళ్ళలేదోయ్. అవుననిపించుకోడానికి వెళ్ళాను."

"అయితే టవరు దింపేయ్."

"దింపితే తన వల్లే దింపానని ఆవిడకి తెలిసిపోదూ? అప్పుడు ఆవిడ తలెత్తుకోలేదు. నా సిగ్గు పట్టుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టినట్టవుతుంది."

మూడురోజులు రేడియో ముట్టుకోలేదు. నాలుగో రోజు కొట్టు నిండుగా ఉన్న వేళ చూసుకుని వచ్చి, వీధిలోకి వినపడేలా అన్నాడు: "నా బుద్ధి గడ్డి తింది. లెక్క తప్పింది. అంత ఎత్తు కట్టడం శుద్ధ దండగ. దింపేస్తున్నా."

కర్యో వడపోత గుడ్డ వదిలేశాడు. "లెక్క తప్పిందా? మీకా?"

"నాకే."

"ఆ సూరినామ్ మన కాళ్ళ కింద ఉందన్నారుగా?"

"ఉంది."

"కాళ్ళ కింద ఉన్న ఊరికి ఆకాశంలోకి కట్టారేంటండీ! బావి తవ్వించుకోవాల్సింది పాక్ గురూ, బావి!"

కొట్టు కప్పు ఎగిరిపోయింది. ఆ రోజునుంచి పాక్ గురు పోయి 'బావి గురు' వచ్చాడు. ఆయన దగ్గర చదివిన పిల్లల పిల్లలు కూడా వీధిలో "తవ్వారా తాతా?" అని అరిచేవారు. చెప్పడానికి సమాధానం ఆయన దగ్గర లేకపోలేదు. గాలి తరంగాలు ఎలా వెళతాయో బొమ్మ గీసి ఒక్క నిమిషంలో కర్యో నోరు మూయించగలడు. కానీ తల వంచుకుని కాఫీ తాగేవాడు. అక్కడ నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

టవరు దింపి, బూ లస్మీ చెప్పిన ఆ గొట్టమే కప్పు మీద పెట్టారు. ముందు మళ్ళీ తాడు తెచ్చాడు, ఈసారి గొట్టమంత పొట్టిది. అందరూ చూస్తుండగా నన్ను తిప్పాడు. కొస ఎటు తిరిగినా తన కంచెలోపలే ఆగింది. కంచె అవతల ఎంబా సుమీ నిలబడి చూస్తోంది.

"పాపం, ఎంత అందంగా ఉండేది! నాకు పాట కూడా వినపడేది," అంది.

"నాకు లెక్కలు రావు ఎంబా," అన్నాడు కస్మాదీ, తాడు చుట్టుకుంటూ, ఆవిడ వైపు చూడకుండా.

గొట్టానికి పాత తీగే కట్టాడు. సూరినామ్ మళ్ళీ మునిగిపోయింది. ఎప్పుడో ఒక తెల్లారగట్ల "తాతా..." అన్న ముక్క తేలి, మళ్ళీ మునిగేది. అంతే.

దింపిన మర్నాడే పొయ్యి లోపలికి వెళుతుందని నేననుకున్నాను. వెళ్ళలేదు. తూర్పుగాలి అయిపోయింది. వానలు మొదలై వరండా తడుస్తున్నా అక్కడే, గోనెపట్టా అడ్డం కట్టుకుని వండింది. వెంటనే మారిస్తే పాక్ గురుకి తెలిసిపోతుందని. ఆయన ప్రతి ఉదయం గొట్టం పక్కన నిలబడి, ఏంటెన్నా చూస్తున్నట్టు నటిస్తూ, కంచె అవతల పొగ ఎటునుంచి లేస్తుందో చూసేవాడు. వీధివైపునుంచే లేచేది. ఆవిడ తడుస్తున్నన్నాళ్ళూ తన టవరు ఇంకా నిలబడే ఉన్నట్టుండేది ఆయనకి.

ఆ ఏటి వరికోతలప్పుడు ఒక పొద్దున పొగ వెనకవైపునుంచి లేచింది. కాసేపటికి ఎంబా సుమీ అరటాకులో మొదటి వాయి పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"గోనెపట్టా చిరిగిపోయింది పాక్ గురూ. అందుకని లోపలికి పోయా," అంది.

"మంచి పని చేశారు ఎంబా," అన్నాడు కస్మాదీ.

రెండు చేతులూ చాచి పుచ్చుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.