అంజినమ్మవ్వకు నొప్పులు లేవు

ముందుగా ప్రమాణం. మా ఇంటి పొయ్యి మీద ఇప్పుడే కూత వేసిన కుక్కర్ సాక్షిగా, ఇందులో నేను రాసే ప్రతి అక్షరమూ నిజం. హిందూపురంలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. కుక్కర్ కూత వేస్తే మీకు పప్పు వాసన గుర్తుకొస్తుందేమో. నాకు మాత్రం పాత నూలుగుడ్డ ఆవిరికి ఉడికిన వాసన తగులుతుంది. సుగుణ సిస్టర్ రోజూ పొద్దున్నే పాత పంచెలు చింపి, మడతలు పెట్టి, కుక్కర్‌లో ఆవిరి పట్టేవారు. మానని పుండ్లకు కట్టు కట్టడానికి ఆ గుడ్డలే. మొదటిరోజు నేను టిఫిన్ అనుకుని పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

సిస్టర్ నర్సు. ముదిరిన జబ్బులతో ఆసుపత్రి చుట్టూ తిరగలేని వాళ్ల దగ్గరికి స్కూటర్ మీద వెళ్లి, జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించడం ఆమె పని. ఆ బాధ నిజంగా ఎంత తగ్గుతోందో తేల్చడానికి ఒక పరిశోధన మొదలైతే, ఫారాలు నింపడానికి నన్ను పెట్టుకున్నారు. వెనక సీటు మీద నేను, నా ఒళ్లో ఫారాల సంచి; ధర్మవరం నుంచి రొద్దం దాకా మా రాజ్యం. బాధ సున్నా నుంచి పది వరకు ఎంత అని అడగాలి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. ధర్మవరంలో మగ్గం గుంతలోకి దిగలేక మంచాన పడిన ఒక నేతగాడు సిస్టర్ వైపు అభిమానంగా చూసి, "మాయమ్మ బాగా చూసుకుంటాండాది, పదికి పది ఏసుకోప్పా" అన్నాడు. వేసుకున్నాను. బయటికొచ్చాక సంగతి తెలిసి సిస్టర్ నవ్వి నవ్వి స్కూటర్ స్టార్ట్ చేయలేకపోయారు. ఆ తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్లి, ఆయన పక్కన కూర్చోబెట్టి, మొదటినుంచీ మళ్లీ అడిగించారు. అసలు జవాబు నాలుగు.

నాకు ఆ అంకెలు చప్పగా ఉండేవి. పెనుకొండలో ఒక ఇంటికి ఒక్కడినే వెళ్లినప్పుడు తలుపుకు తాళం ఉంది. ఆ ఎండలో మళ్లీ ఎవరొస్తారని అరుగు మీద కూర్చుని ఫారం నేనే నింపాను. బాధ రెండు, నిద్ర బాగుంది, పొద్దున రాగి సంగటి చెనిక్కాయల చట్నీతో కడుపునిండా తిన్నారు. సంగటి చేర్చినప్పుడు నా పనితనానికి నేనే మురిసిపోయాను. సిస్టర్ చదివి, ఫారం నా వైపు తిప్పి సంగటి అన్నచోట వేలు పెట్టారు.

"ఆయనకు ముక్కులో గొట్టం పెట్టి పదైదు దినాలాయెనప్పా. సంగటి యాడినుంచి పోయింది?"

ఆమె కాగితం చింపలేదు. నా రాత మీద ఒక్క గీత గీయించి, కింద 'ఇల్లు తాళం, మనిషిని చూడలేదు' అని నాచేతే రాయించి సంతకం పెట్టించారు.

"కథలు మనుషులకు చెప్పు, వద్దన్లేదు. కాగితానికి చెప్పద్దు. డాక్టరు దాన్ని చూసే మందు తగ్గించేది."

ఆ రోజు నుంచి విన్నదే రాశాను. అయినా తప్పు జరిగింది. రొద్దం పక్క పల్లెలో అంజినమ్మవ్వ అని, రొమ్ము క్యాన్సర్ ముదిరిన మనిషి, కోడలి దగ్గర ఉండేది. సిస్టర్ ధర్మవరం ఇళ్లతో తీరిక లేక అక్కడికి నన్నొక్కడినే పంపేవారు. ఫారంలో 'నొప్పులు ఉన్నాయా' అని అచ్చయి ఉంటే ఉన్నది ఉన్నట్టు చదివాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి లేవు పొమ్మంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సున్నా వేశాను. తర్వాతి వారమూ సున్నా, ఆపై వారమూ సున్నా. పక్కనే నిద్ర గడిలో మూడుసార్లూ 'లేదు'. ఆ రెండు గడులూ ఆనుకునే ఉన్నా నాకు కనబడలేదు, సిస్టర్‌కు కనబడ్డాయి. మర్నాడే బయల్దేరదీసి, అవ్వ ముందు ఆ ప్రశ్న నాచేత మళ్లీ అడిగించారు. ఈసారి అవ్వ ఊరుకోలేదు.

"వారం వారం వచ్చి నొప్పులొచ్చినాయా అంటాడు సూడమ్మా వీడు. నలుగురు బిడ్డల్ని కన్నా. నాకింక నొప్పులు యాడివి?"

మా పల్లెల్లో నొప్పులంటే కాన్పు నొప్పులే. డెబ్బై దాటిన మనిషిని నేను మూడు వారాలుగా కాన్పు ఎప్పుడని అడుగుతున్నాను. సిస్టర్ నవ్వలేదు. కింద కూర్చుని చేయి పట్టుకోబోతే అవ్వ చటుక్కున వెనక్కి లాక్కుంది.

"మంటనా అవ్వా?"

"మంట గాక ఏమి. భుజం కాణ్ణుంచి వేళ్ల దాకా మిరక్కాయ పూసినట్ల ఉండాది. చీర తగిలినా ఓర్చుకోలేను. కన్ను మూసి ఎన్ని దినాలాయెనో."

మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమన్నాను. అవ్వ నా వైపు జాలిగా చూసింది.

"మంట అని నువ్వు అడిగితివా?"

సిస్టర్ వాకిట్లోకి వచ్చి హిందూపురం డాక్టరుకు ఫోన్ చేశారు. జబ్బు భుజం నరాలకు పాకితే వచ్చే మంటకు మాత్రలు వేరట. ఆ సాయంత్రానికే తెప్పించారు. దారిలో తిడతారనుకున్నాను. తిట్టకుండా, నోరున్నవాడివి గదా, బాధకు నీకు తెలిసిన మాటలన్నీ చెప్పమన్నారు. సలుపు, పోటు, తీపు, గుంజుడు, చిమచిమ, జివ్వుమనడం అని నేను చెబుతుంటే ఫారం వెనక రాసుకున్నారు. ఫారంలో ప్రశ్న మార్చమని సిస్టర్ అడిగితే, మధ్యలో మారిస్తే పాత ఫారాలతో పోల్చలేమన్నారు పరిశోధన పెద్దలు. మీ అంకె మీరు ఉంచుకోండి, దాని కింద మనిషి తన నోటితో చెప్పిన మాటకు ఒక్క వరస ఇవ్వండి అని ఈమె పట్టుబట్టారు. ఇచ్చారు.

తర్వాతి వారం వెళ్తే అవ్వ చేయి ముట్టుకోనిచ్చింది. ఇప్పుడు చెప్పప్పా నీ కథ అన్నారు సిస్టర్. మా తాత మందలోని గొర్రెలు మేస్తూ మేస్తూ అమరాపురం దాటి కర్ణాటకలోకి పోయి, ఆర్నెల్లకు తిరిగొచ్చి కన్నడంలో అరిచిన వైనం చెప్పాను. అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది.

సిస్టర్ ఇప్పుడు రిటైరై పెనుకొండలో ఉంటున్నారు. నేనూ ఆ పని మానేసి చాలా కాలమైంది. కానీ ఇంట్లో ఎవరైనా నలతగా ఉండి, అడిగితే ఏమీ లేదంటే, నమ్మేముందు ఒక్క క్షణం ఆగుతాను. వాళ్లకు తెలిసిన మాటతోనే అడిగానా అని చూసుకుని, ఇంకో మాటతో మళ్లీ అడుగుతాను.

ఇక ప్రమాణం సంగతి. ఒక్కచోట తప్పాను. అవ్వ నా కథకు నవ్విందన్నది కల్పన. గొర్రెలు ఇంకా అమరాపురం చేరనేలేదు, అవ్వ నిద్రపోయింది, చీర కొంగు ఆ చేతి మీదే పడి ఉండగా. నేను ఆపబోతే సిస్టర్ కానిమ్మని సైగ చేశారు. వినేవాళ్లు లేకపోయినా గొంతు తగ్గించి గొర్రెలన్నిటినీ వెనక్కి తోలుకొచ్చాను. ఆ తర్వాత ఫారం తీసి, నిద్ర గడిలో, కళ్లారా చూసి, 'ఉంది' అని రాశాను.