మల్లిగాడి కాలి పట్టీ

ఒక్క పట్టీతో ఒక ఎద్దును, మా బాపును, ఒక పశువుల డాక్టరును ఒకే పొద్దున ఆగం చేసిన ఘనుణ్ణి నేను. కడుపుబ్బ నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

అప్పుడే ఇంజనీరింగ్ అయిపోయింది. ఉద్యోగం రాలేదు గానీ తెలివి మాత్రం పొంగి పొర్లుతోంది. మాది మర్రిగూడ దగ్గర. జాతరలో జరిగే బండలాగుడు పోటీ కోసం బాపు ఏడాదంతా మల్లిగాడు అనే ఎద్దును, దాని జోడును సాకాడు. కిందటేడు పోటీలో మల్లిగాడి కాలు బెణికి మూడు నెలలు మంచాన పడ్డంత పనైంది. మళ్లీ అట్లా కాకూడదని నేనొక కాలి పట్టీ తయారుచేశాను. ఎద్దు వేసే ప్రతి అడుగూ నా ఫోన్‌లో పడుతుంది. నడకలో తేడా వస్తే, దెబ్బ ముదరకముందే తెలిసిపోతుంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పట్టీ కడుతూ ఉపన్యాసం కూడా ఇచ్చాను.

“గిది కడితే కాలునొప్పి దగ్గరికి రాదు!”

“గంత మంచిదా కొడుకా?” అంది మా అవ్వ, పట్టీ మీద మెరిసే పచ్చ దీపాన్నే చూస్తూ.

“మరేమనుకున్నవ్ అవ్వా!”

వారం రోజులు అంతా బాగానే ఉంది. పోటీకి రెండు రోజుల ముందు ఫోన్ చూసి హడలిపోయాను. అడుగులు కురచ. పది అడుగులకోసారి ఆగుడు.

“బాపూ, మల్లిగాడు కుంటుతుండు!”

“యాడ కుంటుతుండ్రా? ఇప్పుడే చెల్క నుంచి ఉరుక్కుంట వచ్చిండు.”

“మన కంటికి కనవడదు బాపూ. ఫోన్ల కనవడుతాంది.”

బాపు మల్లిగాడి మెడ నిమిరాడు. “పోటీ మళ్లేడు గూడ వస్తది. కాలు పోతే రాదు. రేపు డాక్టర్ సారుకు చూపిచ్చి పేరు తీసేపిద్దాం” అన్నాడు. నాకు జాలేసింది. జాలికన్నా గర్వమే ఎక్కువేసిందని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

తెల్లారి డాక్టర్ వచ్చి నాలుగు కాళ్లూ నొక్కి చూశాడు. నడిపించాడు. మల్లిగాడు పెళ్లికొడుకులా నడిచాడు.

“పట్టీ ఏ కాలుకు కట్టినవ్ తమ్మీ?”

“ముందటి కుడి కాలుకు సార్.”

“గా కాలుకు నల్లతాడు తప్ప ఏం లేదు గదా!”

రెండు రోజులుగా నేను ఫోన్ చూశాను గానీ ఎద్దు కాలు చూడలేదు. ఇప్పుడు కూడా ఫోనే చూశాను. మల్లిగాడు కదలకుండా నిలబడ్డాడు, ఫోన్‌లో మాత్రం అడుగులు పడుతున్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది... ఆగాయి. తలెత్తితే, వాకిట్లో చాయ గిలాసలతో అవ్వ ఆగి ఉంది. చీర అంచు కింద పచ్చ దీపం మెరుస్తోంది.

“అవ్వా, గది ఎద్దుది!”

“ఎద్దుకు నొప్పి లేకపాయె, నాకుండె. అందుకే దానికి దిష్టితాడు కట్టి, గిది నేను కట్టుకున్న. రెండు దినాలాయె, జర సుత తగ్గలే. నువ్వు చేసింది మంచిగ లేదురా!”

డాక్టర్ పడీ పడీ నవ్వాడు. “నీ పట్టీ కరెక్టే చెప్పింది తమ్మీ. గీ పేషెంటుకు నేను మందియ్యలేను, అంతే!”

అవ్వ చాయ నా చేతికిస్తూ అంది: “ఎద్దు అడుగులైతే లెక్కవెడ్తివి. నేను ఏడాది సంది కుంటుకుంట చాయ తెస్తాంటే ఒక్కనాడన్న చూసినవారా?”

చాయ గిలాస పక్కన పెట్టాను. అప్పుడే బండి తీసి అవ్వను దవాఖానకు తీసుకెళ్లాను. మల్లిగాడు పోటీకి వెళ్లి రెండో బహుమతి కొట్టాడు. మోకాలికి కట్టు కట్టించుకున్న అవ్వ ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా ఈల వేసింది.

ఆనాడే మల్లిగాడి కొమ్ములు పట్టుకుని శపథం చేశాను: ఇకపై ఎవరి అడుగులనైనా ఫోన్‌లో చూసేముందు, తలెత్తి ఆ కాళ్లు చూస్తాను. ముందు మా అవ్వవి, తర్వాతే ఎద్దువి.