బాబాయి మార్చని రెండో వాల్వు

మా బాబాయి టూత్‌బ్రష్షు చూస్తే తిన్నది బయటికొస్తుంది. కుచ్చు మొత్తం పక్కకి వాలి, మొదలంతా పచ్చబడినా, అది ఆయన నోట్లో తిరుగుతూనే ఉంటుంది. బనియను చంకల్లో వల అయిపోయింది. చెప్పుకి పిన్నీసు. దేన్ని మార్చమన్నా ఒకటే మాట: "ఇంకొన్నాళ్లు వస్తుందిరా." బ్యాండులో అందరూ ఆయన్ని 'ఇంకొన్నాళ్లు' అనే పిలుస్తారు. ఆయనకది బిరుదు!

పాతికేళ్లుగా హోటళ్లలో, విందుల్లో గిటారు వాయించి బతుకుతున్నాడు. చెయ్యి మంచిదే, ఒప్పుకోవాలి. నేను కాలేజీ మానేశాక బేస్ గిటారు నేర్పి అదే బ్యాండులో పెట్టించిందీ ఆయనే. కానీ ఆయన ఆంప్లిఫయరు పక్కన నిలబడి వాయించడం కంటే మురిక్కాలవ గట్టున కూర్చోవడం నయం.

ఆ ఆంప్లిఫయరులో రెండు పెద్ద గాజు వాల్వులుంటాయి. తీగ పలికినదాన్ని హాలంతా వినిపించే బలం వాటిదే. అవి బల్బులా ఒక్కసారిగా పోవు, రోజూ కొంచెం కొంచెంగా చస్తాయి. ముందు తళుకు పోతుంది, తర్వాత కింది స్వరాలు బురదవుతాయి, ఆపైన చిటపటలు. వాయించేవాడి చెవి ఆ బురదకే అలవాటు పడుతుంది. నాలుగు మీదుండే బాబాయి వాల్యూము తొమ్మిదికి ఎక్కింది. ఆయనకి మాత్రం అంతా బాగానే వినిపిస్తోంది.

చివరికి మా లీడరు, కీబోర్డు వాయించే ఆయన, రిహార్సల్లో తేల్చేశాడు.

"గురూ, నీ గిటారు గోనెసంచిలోంచి మూలుగుతోంది. శనివారం హోటలువాళ్లు ఏడాది కాంట్రాక్టుకి మనల్ని వింటారు. వాల్వులు మారుస్తావా, వేరే గిటారిస్టుని చూసుకోనా?"

"ఇది మగ్గిన సౌండు. మీకేం తెలుసు?"

"మగ్గలేదు గురూ, కుళ్లింది."

ఈ సంగతి పిన్నికి నేనే చెప్పాను. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెస్తాడీయన" అని తిట్టుకుంటూ, బట్టలు కుట్టి దాచుకున్న డబ్బుతో జత వాల్వులు తెప్పించింది. షాపువాడు మరీ మరీ చెప్పాడు, రెండూ కలిపే మార్చాలని, పాతదాని పక్కన కొత్తది పెడితే బరువంతా కొత్తదాని మీదే పడుతుందని. బాబాయి బుద్ధిగా తలూపాడు.

శనివారం మొదటి పాట పర్వాలేదు. రెండో పాట మధ్యలో హోరు మొదలైంది. వెనక్కి వంగి చూస్తే ఒక వాల్వు లోపలి రేకు కొలిమిలో ఇనుములా ఎర్రగా ఉంది. పక్కన మాత్రం, గోధుమరంగు మరకలతో, పాతదే!

"బాబాయ్, ఆపెయ్!"

"పాట మధ్యలోనా? ఫ్యూజుందిగా, అదే చూసుకుంటుంది."

ఏం చూసుకుంటుంది? పొగొచ్చింది. ముందు టేబులు దగ్గరావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. నేను ప్లగ్గు పీకేశాను. గిటారు లేకుండానే లీడరు ఆ పాట ముగించాడు. విరామంలో విప్పి చూస్తే, ఎప్పుడో పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి ఉంది. కొత్త ఫ్యూజు దండగట!

అప్పుడు బాబాయి జేబులోంచి రుమాలు తీసి గర్వంగా విప్పాడు. లోపల రెండో కొత్త వాల్వు. "కంగారెందుకు? ఇది దాచుంచాగా! రెండూ ఒకేసారి తగలేస్తారా ఎవరైనా?"

లీడరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "లోపల ట్రాన్స్‌ఫార్మరే మాడిపోయింది. దీన్నేం చేసుకుంటావ్, నెత్తిన పెట్టుకుంటావా? కాంట్రాక్టు వచ్చినా రాకపోయినా, ఇక నువ్వు రావొద్దు గురూ."

ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆటోలో మాడు కంపు కొడుతున్న ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇది అసలు వాడలేదుగా. షాపువాడు వెనక్కి తీసుకుంటాడంటావా?"

"పిన్నికేం చెప్తావ్?"

"కొత్తవి నాసిరకమని చెప్తా. నువ్వు నోరు మూసుకో."

నాకు ఒళ్లు మండింది. ఫోను తీసి, ఆయన పక్కనే కూర్చుని పిన్నికి మొత్తం చెప్పాను. రేకు చుట్టిన ఫ్యూజుతో సహా. నేను చెబుతున్నంతసేపూ ఆయన ఆ వాల్వుని రుమాల్లో జాగ్రత్తగా చుడుతూనే ఉన్నాడు.