గొడుగు గురువు బెంగుళూరికి పోయినాడు

నీలం జుట్టు పిల్ల జుట్టు కత్తిరించుకుందన్న సంగతి నాకు ఎదురింటి నుంచి తెలిసింది. మా పాప వీధి దాటి పరుగెత్తుకొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి చెప్పింది.

"అమ్మా, టీవీలో కొత్తది మొదలైంది. ఆ పాప జుట్టు ఈడికి కోసుకునింది" అని చెవి కింద చెయ్యి పెట్టి చూపించింది. "పొడుగు కూడా అయింది. అత్త కంటే పొడుగు."

అత్తంటే ఎదురింట్లో ఉండే మా ఆడబిడ్డ. అత్త కంటే అంది. అమ్మ కంటే అని ఉండొచ్చు కదా అనుకున్నాను. అంత చిన్న మాట అంత లోతుగా గుచ్చుకుందని ఎవరికీ చెప్పుకోలేం. చెప్పులు బయట విడిచి రమ్మని కసిరి ఊరుకున్నాను.

ఆ బొమ్మల సీరియళ్లను ఇప్పటి పిల్లలు అనిమే అంటున్నారు. అప్పుడు మాకు జపాను కార్టూన్ అనే తెలుసు. మొదటి సీజన్ నేనూ పాపా మా ఇంట్లోనే చూశాం. హిందీలో వచ్చేది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు సాయంత్రాలు ట్యూషన్‌కు పోయి హిందీ పరీక్షలు రాశాను. పెళ్లయి జమ్మలమడుగు వచ్చాక ఆ హిందీ పనికొచ్చింది ఆ కార్టూన్‌కు ఒక్కదానికే. పాప నా ఒళ్లో కూర్చుని కళ్లు టీవీకి, చెవి నాకు ఇచ్చేది. వాళ్లు హిందీలో ఒక మాట అనగానే నేను మన మాటల్లో చెప్పేదాన్ని. నీలం జుట్టు పిల్ల "యాడికి పోతాండారురా" అని ముసుగుల వాళ్ల మీద అరిచేది. తెర మీదికి కొత్త మనిషి ఎవరొచ్చినా పాప ముందు అడిగేది ఒకటే.

"ఈయప్ప మన పార్టీనా?"

నీలం జుట్టు పిల్ల, ఆమె కొంగ, గొడుగు గురువు మన పార్టీ. ముసుగుల వాళ్లు వేరే పార్టీ. అలా చెబితేనే పాపకు కథ ఎక్కేది. ఆరేళ్ల పిల్లకు ఆ మాట నేను నేర్పలేదు. మా వీధిలో అన్నం, నీళ్లు అన్న మాటల తర్వాత పిల్లలకు వచ్చేది అదే.

గొడుగు గురువంటే పాపకు ప్రాణం. బట్టతల, చెక్క చెప్పులు, ఇంట్లో కూర్చున్నా గొడుగు వేసుకునే ఉంటాడు. మొదటి సీజన్ చివర్లో ఆయన ఒక్కడే వంతెన మీద ముసుగుల వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. ఆ తర్వాత నది మీద గొడుగు ఒక్కటే తేలుతూ పోయింది. హిందీలో అయితే ఆయన చనిపోయాడని నేరుగానే చెప్పారు.

"గురువు యాడికి పోయినాడు?" అంది పాప.

సరిగ్గా ఆ వారమే పెద్దముడియం వైపు ఒక పల్లెలో రెండు పార్టీల వాళ్లు కొట్టుకున్నారు. కేసులో మా ఆడబిడ్డ భర్త పేరు కూడా రాశారు. ఆయన ఆ కొట్లాటలో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. పోలీసుల కంటే ముందు అవతలి వాళ్లు వస్తారని, ఉన్నపళంగా ఊరు వదిలి పోయాడు. ఎవరడిగినా ఇంట్లో వాళ్లంతా ఒకే మాట చెప్పేవాళ్లం. నాలుక మీద ఉన్న ఆ మాటే పాపకూ చెప్పాను.

"బెంగుళూరికి పోయినాడు మ్మా. పనుండి."

"మరి గొడుగు మర్చిపోయినాడే?"

"ఆడ ఎండ ఉండదు గదా. గొడుగెందుకు?"

మా ఊళ్లో గొడుగు పట్టేది ఎండకే కాబట్టి పాప నమ్మింది. నమ్మడమే కాదు, ఆ రాత్రి ఏడవకుండా నిద్రపోయింది. ఇప్పటికీ అది తప్పని నేననుకోను.

రెండో సీజన్ వచ్చేసరికి మా వీధి మారిపోయింది. మా ఆడబిడ్డ, అంటే మా ఆయనకు అక్క, ఉండేది మాకు ఎదురిల్లే. కేసు తేలికవుతుందన్న ఆశతో ఆమె అత్తింటివాళ్లు పార్టీ మారారు. మా ఆయనకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని ఇప్పించింది పాత పార్టీ మనిషి. కాబట్టి మేం కదలలేదు. రెండిళ్ల మధ్య పట్టుమని పది అడుగుల సిమెంటు రోడ్డు. దాన్ని దాటడం పెద్దవాళ్లకు కుదరని పనైపోయింది.

మా వీధి కరెంటు స్తంభానికి రెండు కేబుల్ వైర్లు ఉండేవి. ఎడమ పక్క పోయేది ఒక పార్టీ వాళ్లది, కుడి పక్క పోయేది ఇంకో పార్టీ వాళ్లది. ఏ ఇంటి మిద్దె మీద ఏ వైరు వాలిందో చూస్తే ఆ ఇంట్లో ఎవరికి ఓటేస్తారో తెలిసిపోయేది. ఆడబిడ్డ వాళ్లు కండువా మార్చిన తర్వాతి వారమే వైరు కూడా మార్చారు. కొత్త సీజన్ తెలుగులో రాబోతోందని, అదీ ఎదురింటి కేబుల్‌లోనే వస్తుందని పాప బడిలో విని వచ్చింది. మా కేబుల్ అతను అప్పటికే ఆ కార్టూన్ ఛానల్ తీసేసి, అదే నంబరులో మా నాయకుడి మీటింగులు పొద్దస్తమానం చూపించే లోకల్ ఛానల్ పెట్టాడు. డబ్బులకు వచ్చినప్పుడు అడిగాను.

"ఏందక్కా, ఎలక్షన్లు వస్తాంటే బొమ్మలు అడుగుతాండావు" అని నవ్వి పోయాడు.

పాప ఏడుపు చూడలేక మా ఆయనే దారి చెప్పాడు. "దాన్ని అక్కోళ్లింటికి పంపియ్యి. మనం పోతే పార్టీ మారినారంటారు. పిల్లకు పార్టీ ఏంది?"

ఈయప్ప మన పార్టీనా అని రోజూ అడిగే పిల్ల గురించి ఆయన ఆ మాట అన్నాడు.

అలా రోజూ సాయంత్రం పాపను వీధి దాటించేదాన్ని. గడపలో నిలబడి, మలుపు దగ్గర పార్టీల జీపేదైనా తిరుగుతోందా అని చూసి, పో అనేదాన్ని. అవతల ఆడబిడ్డ తలుపు తీసి పాపను లోపలికి లాక్కునేది. ఆమెకు పిల్లలు లేరు. మా ఇద్దరి చూపులు ఒకసారి కలిసేవి. తర్వాత తలుపు పడేది.

నాకు భయం ఉండాల్సిన చోట కుళ్లు మొదలైంది. పాప కడుపు నిండా తిని వచ్చేది. ఓళిగలు, చెనిక్కాయ ఉండలు. "అత్త చేసింది శానా మెత్తగుంటాది" అనేది. దాని తలకు కొత్త రిబ్బను ఉండేది. అవన్నీ ఒక ఎత్తు. నేను తట్టుకోలేనిది ఆ తెలుగు. టీవీలో వాళ్లు మాట్లాడేది మన మాట కాదు, కోస్తా వాళ్ల మాట. వారం తిరగకుండానే పాప నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఏం చేస్తున్నావు? నేను రానా?" అంది. చేస్తాండావు అనలేదు. ఎక్కడో గాజు గదిలో కూర్చుని నీలం జుట్టు పిల్లకు గొంతు అరువిచ్చిన ఆ అమ్మాయెవరో గాని, నా పిల్ల నోట్లో నుంచి నా మాట తీసేసి తన మాట పెట్టింది. నేను హిందీ నుంచి ముక్కముక్కగా ఏరి చెప్పిన కథను ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేస్తోంది. ఇక నాతో పనేముంది?

సాయంత్రం ఆ వేళకు మిద్దె మీద బట్టలు తీసే నెపంతో పైకెక్కేదాన్ని. కొత్త సీజన్ గురించి నాకు తెలిసిందంతా ఆ మిద్దె మీది నుంచి విన్నదే. టైటిల్ పాట మార్చారు. పాతదానిలో వేణువు ఉండేది, ఇందులో డప్పుల మోత. నీలం జుట్టు పిల్ల గొంతులో అల్లరి తగ్గింది. మధ్యలో మా ఆడబిడ్డ నవ్వు, పాప నవ్వు. ఎవరు ఏం చేస్తే నవ్వారో తెలిసేది కాదు. ఆరిన బట్టలను మళ్లీ దులిపి మళ్లీ మడతపెట్టేదాన్ని.

ఇంటికొచ్చాక అడిగితే పాప రెండు ముక్కలు చెప్పి ఆడుకోను పోయేది. నేనెంత విడమరచి చెప్పేదాన్ని దానికి!

నాలుగో రోజో అయిదో రోజో, పాప నెమ్మదిగా వచ్చింది. పరుగు లేదు. చెప్పులు వరుసగా విడిచింది.

"అమ్మా, గురువు బెంగుళూరికి పోలేదంట. సచ్చిపోయినాడంట. ఆ పాప గొడుగు తీసుకపోయి సమాధి కాడ పెట్టింది."

"నీకెవరు చెప్పినారు?"

"టీవీలో చెప్పినారు. తెలుగులోనే చెప్పినారు."

ఆ 'తెలుగులోనే' అన్న మాటతో నా తెలుగు తెలుగు కాకుండా పోయింది. "వాళ్లకేం తెలుసు?" అన్నాను. పాప నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం లేదు అందులో. అంగడిలో వస్తువును తిప్పి చూసి పక్కన పెట్టినట్టు చూసింది. ఇక దేన్నైనా నా నోట వింటే చాలు అనుకోదు, ఎదురింట్లో అడిగి సరిచూసుకుంటుంది. ఆ సాయంత్రం నాకు వంట చేయబుద్ధి కాలేదు.

మరుసటి రోజు పాపను పంపిన కాసేపటికి ఎదురింటి తలుపు మళ్లీ తెరుచుకుంది. మా ఆడబిడ్డ బయటికొచ్చింది. వీధి చివర టీ అంగడి బెంచీ మీద రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. అందరూ చూస్తుండగానే రోడ్డు దాటి మా గడప ఎక్కింది. ఎన్నాళ్లకో.

"రా వదినా" అన్నాను. చేతిలో చాటతోనే పీట ముందుకు జరిపాను.

"కూర్చోను రాలేదు మే" అంది. "నీ బిడ్డ నన్నేమడిగిందో తెలుసునా? మామ కూడా గురువు మాదిరే బెంగుళూరికి పోయినాడా అత్తా, అనింది. అవు మ్మా అంటి. అయితే మామ ఇంక రాడు, అనింది."

చేతిలో చాట కింద పెట్టాను. ఆమె భర్త నిజంగానే బెంగుళూరికి పోయాడు. నేను కథలో వాడుకున్న మాట, వాళ్లింట్లో ఒక మనిషి ప్రాణం.

"చిన్నపిల్ల వదినా. నేనేదో బొమ్మల కథకు…"

"తెలుసులే. అత్తను ఏడ్పించినానేమో అని అదే భయపడతాంది ఆడ." చీర చెంగుతో మూతి తుడుచుకుంది. "ఫోను రాక నెలాయ మే. కోర్టులో వాయిదా ఉంటే ఆ పొద్దన్నా చేస్తాడనుకొన్యా. లాయరు కాడికి పోయినోళ్లు కూడా ఏం తెలీదన్యారు. ఆ బిడ్డ నోట్లోనుంచి ఆ మాట వస్తానే లేసి ఇట్ల వచ్చేస్తి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పా. వచ్చి చెప్పు."

"ఏం చెప్పాల?"

"నువ్వు దానికి ముందు ఎట్ల చెప్తాంటివో అట్ల. పా మే."

మా ఆయన ఏమంటాడో, బెంచీ మీద వాళ్లు ఏమనుకుంటారో అని ఒక్క నిమిషం కాళ్లు ఆగాయి. ఆమె పట్టు వదల్లేదు. ఇద్దరం రోడ్డు దాటాం. బెంచీ మీద మాటలు ఆగడం నా వీపుకు తెలిసింది.

లోపల పాప మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. అప్పుడు మొదటిసారి కొత్త సీజన్ నా కళ్లతో చూశాను. బొమ్మలు మారాయి. ముఖాలు సన్నబడ్డాయి, కళ్ల కింద నీడలు గీశారు. కొంగ తెలుపు తగ్గి బూడిద రంగుకొచ్చింది. నది మాత్రం పాతదే. నీలం జుట్టు పిల్ల ఒడ్డున నిలబడి గురువుతో మాట్లాడుతోంది, ఆయన లేడు. మిద్దె మీదికి ముక్కలుగా వచ్చిన ఆ గొంతు దగ్గర నుంచి విన్నాను. బాగుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఏడుపు రాకుండా ఏడుస్తోంది. తప్పు పట్టడానికి ఒక్క మాట దొరికినా నాకు ఊరటగా ఉండేది.

మా ఆడబిడ్డ రిమోటు తీసుకుని సౌండు పూర్తిగా తీసేసింది. మంచం మీద కూర్చుంది. పాప జరిగి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. నేనొచ్చి ఎదురుగా నిలబడ్డా నా వైపు రాలేదు. నేను కిందనే కూర్చున్నాను.

"చెప్పు" అంది మా ఆడబిడ్డ. "గురువు యాడుండాడు?"

"బెంగుళూరులో ఉండాడు వదినా" అన్నాను.

"ఏం చేస్తాండాడు ఆడ?"

"పని చేస్తాండాడు."

"మరి వస్తాడా?"

ఆమె బొమ్మలను చూడటం లేదు, నా ముఖం చూస్తోంది. వస్తాడని చెప్పడానికి భయమేసింది, రాడనడానికి ఇంకా భయమేసింది. తెర మీద ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి, ఏమంటోందో ఎవరికీ వినబడటం లేదు. కథలు చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరనుకుని అన్ని రోజులూ లోలోపల కుళ్లిపోయినదాన్ని, అవసరమైన చోట నాకు ఒక్క మాట దొరకలేదు.

పాప తల ఎత్తకుండానే, ఆమె చీర కుచ్చిళ్లు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"వస్తాడు అత్తా. గొడుగు ఈడనే ఉండాది గదా. దానికోసరం వస్తాడు."

మా ఆడబిడ్డ పాప వీపు మీద చెయ్యి వేసి, "అవు మ్మా, గొడుగు ఈడనే ఉండాది" అంది. రెండుసార్లు అంది.

ఇప్పుడిది రాసుకుంటుంటే పక్క గదిలో పాప, దాని తర్వాత పుట్టినవాడు నిద్రపోతున్నారు. ఆ మాట నేను చెప్పాల్సింది. నాకు తట్టలేదు, దానికి తట్టింది. చెప్పింది కూడా నా మాటల్లోనే, 'ఉండాది' అని, 'కోసరం' అని. అయినా ఆ మాట వచ్చింది వేరే ఒళ్లో నుంచి.